లివరు గట్టిపడిన బండి

నోటితో చెప్పిన పనిని మరచిపోతారు గాని, కాగితం మీద పెట్టిన పనిని ఏ ఆఫీసూ కాదనలేదని ప్రజల్లో ఒక నమ్మకం ఉంది. ఈ నమ్మకానికి ఆధారం ఏమిటని అడిగినవారు తక్కువ. అర్జీ పెట్టుకుని పని జరిపించుకున్నవాడు ఆ సంగతి ఊరంతా చెప్పుకుంటాడు. అర్జీ పెట్టుకున్నా పని జరగనివాడు రెండో అర్జీ రాసుకునే పనిలో ఉంటాడు కనుక అతని గొంతు ఎవరికీ వినపడదు. ఆ విధంగా నమ్మకం నిలబడుతూ వస్తున్నది. మెట్ట ప్రాంత జీవాల అభివృద్ధి మండలిలో టీకాల సహాయకురాలిగా పనిచేస్తున్న చౌడేశ్వరికి కూడా ఈ నమ్మకం ఉండేది. దానిని పరీక్షకు పెట్టే ఉద్దేశం ఆమెకు ఎంతమాత్రం లేదు. మోటారు సైకిలు క్లచ్చు కాస్త తేలికగా వస్తే చాలుననుకున్నది.

ఆ సీమలో జీవాలంటే గొర్రెలు, మేకలు. వాటికి టీకాలు వేయడానికి మండలి తన సహాయకులకు తలా ఒక మోటారు సైకిలు ఇచ్చింది. బండ్లు వచ్చిన కొత్తలోనే దారిలోని ఎర్రదుమ్ము చౌడేశ్వరి బండి క్లచ్చు వైరులోకి చేరి, లోపలి చమురును పీల్చేసింది. అప్పటినుంచి గేరు మార్చవలసి వచ్చిన ప్రతిసారీ ఆమె పళ్లు బిగించి, నాలుగు వేళ్లతో లివరును లాగేది. సాయంత్రానికి ఎడమ మణికట్టు వాచిపోయేది. గొర్రె తలను పట్టి నిలపవలసింది ఆ చేయే.

ఆమె ఉద్యోగం ఇంకా పరీక్షాకాలంలో ఉంది. వానలు వెనకపట్టేలోగా తన పరిధిలోని పల్లెలన్నింటిలో నీలి నాలుక రోగానికి టీకాలు పూర్తిచేస్తే ఉద్యోగం ఖాయమవుతుంది. పూర్తిచేయకపోతే ఇంటికి పంపుతారు. ఆ పల్లెలకు బస్సు లేదు. నడిచి వెళ్లవచ్చు గాని, మంచుగడ్డల పెట్టెలో పెట్టిన మందు ఆమె నడక ముగిసేదాకా చల్లగా ఉండదు.

వైరులో రెండు చుక్కల నూనె పోస్తే సరిపోతుందని అందరికీ తెలుసు. అయితే మండలి బండ్లకు ప్రతి మర దగ్గరా, ప్రతి వైరు కొసనా సీసపు సీలు వేసి ఉంటుంది. వెనకటికి ఎవరో అధికారి ప్రభుత్వ సైకిలు చక్రాన్ని ఇంటికి తీసుకుపోయి బావికి గిలకగా బిగించుకున్నాడట. ఆనాటినుంచి వాహన భాగాన్ని అనుమతి లేకుండా తాకినవారిని విచారణ లేకుండా తొలగించవచ్చునని నిబంధన పెట్టారు. గిలక బిగించుకున్న అధికారి మాత్రం పదోన్నతి మీద వేరే జిల్లాకు వెళ్లాడు.

"రెండు చుక్కలు పోసుకోక, ఎందుకక్కా ఈ బాధ?" అన్నాడు పక్క మండలంలో అదే పని చేసే ఖాదర్ వలీ, ఆమె మణికట్టు చూసి.

"సీలు ఉండాది గదప్పా. తెంపితే ఉద్యోగమే పాయె."

"అయితే అర్జీ పెట్టు. నోటితో చెప్తే ఆ అశ్వత్థనారాయణ సారుకు చెవులుండవు. కాగితమైతే కండ్లన్నా పెడతాడు."

చౌడేశ్వరి ఆ రాత్రే అర్జీ రాసి, మరునాడు జిల్లా కార్యాలయానికి పట్టుకుపోయింది.

పరిపాలనాధికారి అశ్వత్థనారాయణ రాసే భాషా మాట్లాడే భాషా ఒక్కటే. ఇంట్లో ఉప్పు అడగవలసి వచ్చినా ఆయన "లవణము అవసరమైయున్నది" అంటాడని సిబ్బంది చెప్పుకుంటారు. మండలిలో సంపూర్ణ స్వభాషా అమలు ఉత్తర్వును తెచ్చినవాడు ఆయనే. ఆ ఉత్తర్వు ప్రకారం అర్జీలో ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ ఉండరాదు. ఇంగ్లీషు మాట ఏదైనా మండలి ప్రచురించిన పదకోశంలోకి ఎక్కితే, ఆ క్షణంనుంచి అది తెలుగు మాట.

చౌడేశ్వరి రాసినది ఇంతే: "నా బండి క్లచ్చు లివరు శానా గట్టిగా ఉంది. లాగి లాగి చెయ్యి వాచింది. నొప్పితో పని చేయలేకపోతున్నాను. వైరుకు నూనె వేయించగలరు."

ఆయన ఎర్ర పెన్సిలు తీశాడు.

"'శానా' గ్రామ్యము. 'మిక్కిలి' అని వ్రాయవలెను. 'క్లచ్చు' అను పదము మన కోశమున లేదు. దానికి తెలుగు ఏమన్నది ఉపసంఘము పరిశీలనలో ఉన్నది. సభ్యులు రెండు వర్గములైనారు. తేలువరకు ఆ పదమును వాడరాదు."

"వాడకుంటే ఎట్ల సార్? గట్టిగా ఉండేది అదే గదా."

"'లివరు' కలదు. ఆ పదము కోశమున చేరినది" అని ఆయన సంతోషంగా తల పంకించాడు. కోశంలో ఆ మాట ఏ విభాగం కింద ఉన్నదో ఆయన చూడలేదు. చూడవలసిన అవసరం ఏ నిబంధనా చెప్పలేదు. "ఇక 'నా బండి' అంటిరి. మండలి వాహనము చెడినదని వ్రాతపూర్వకముగా ఒప్పుకొనినచో మండలికి అప్రతిష్ఠ. కావున వాహన ప్రస్తావన తీసివేయవలెను. 'లాగి లాగి', 'చెయ్యి' అనునవి సభామర్యాదకు తగవు. 'వైరుకు నూనె' అని పరిష్కారమును తమరే సూచించుచున్నారు. పరిష్కారము పై అధికారుల హక్కు."

"మీ స్కూటరుకు నూనె పోయిస్తే బాగైందని మొన్న మీరే చెప్తిరి గదా సార్!"

"అవును. ఇప్పుడు హంసవలె పోవుచున్నది. కాని అది నా సొంత స్కూటరు. దానికి వివేకము వర్తించును. మండలి వాహనమునకు నిబంధన వర్తించును."

సంస్కరణ ముగిసేసరికి అర్జీ ఇలా తయారైంది: "లివరు మిక్కిలి గట్టిపడినది. వాపు కలదు. నొప్పివలన విధులు నిర్వర్తింపజాలకున్నాను. తగు చర్య గైకొన ప్రార్థన." చౌడేశ్వరి దానిని రెండుసార్లు చదివింది. ఏదో తగ్గినట్టు తోచింది గాని, తీసేసిన మాటలన్నింటికీ ఆయన కారణం చెప్పాడు కనుక సంతకం పెట్టింది.

అర్జీని ఏ విభాగానికి పంపాలో తేల్చడం తపాలా విభాగం పని. ముఖ్యపదాన్ని ఎర్రసిరాతో గీచి, కోశంలో ఆ పదం ఎక్కడున్నదో చూసి అక్కడికి పంపుతారు. 'లివరు' ఉన్నది శరీర శాస్త్ర పదాల కింద, కాలేయమన్న అర్థంతో. అర్జీ సిబ్బంది ఆరోగ్య విభాగానికి చేరింది.

తరువాత జరిగినదంతా వేగంగా జరిగింది. మండలి ఎప్పుడూ ఇంత చురుకుగా పనిచేసి ఎరగదు. చౌడేశ్వరి పేరిట ఒక తాఖీదు వచ్చింది. "తమ లివరు గట్టిపడిన సంగతి మండలి సానుభూతితో గమనించినది. ఇట్టి స్థితి సర్వసాధారణముగా దీర్ఘకాల మద్యపానము వలన సంభవించును. తక్షణమే మద్యము మానవలెను. మానినట్లు గ్రామ పెద్దల ధ్రువీకరణ సమర్పించవలెను." పారదర్శకత కోసం దాని నకలును ఆమె పరిధిలోని ప్రతి పల్లెలో పాల కేంద్రం గోడకు అంటించారు.

మరునాడు ఆమె టీకాల పెట్టెతో చెరువుకింది పల్లెకు పోయేసరికి, గొర్రెల కాపరి ఈరన్న దొడ్డి తడికె తీయకుండానే నిలబడి ఉన్నాడు.

"యమ్మా, నిన్న మొన్నటిదాకా మా ఇంటి తాన మజ్జిగ అడిగి తాగుతాంటివి. ఇది ఎప్పుడు అలవాటాయె?"

"ఈరన్నా, నువ్వు గూడ నమ్ముతివా? అది నా లివరు గాదు. బండి లివరు."

"బండికి లివరుంటాదా?"

"క్లచ్చు లాగేది ఏందంటారు మరి?"

ఈరన్న బండి దగ్గరికి వచ్చి లివరును లాగి చూశాడు. అతని మొహం కూడా బిగుసుకుంది. "ఓ, ఈ లివరా! దీనికి చుక్క నూనె పోస్తే సరిపాయె గదమ్మా. ఇంత మాత్రానికి గోడకు కాగితాలా?" అని, గొంతు తగ్గించి, "మా ఆడోళ్లు ఏమంటాండారో తెలుసునా? ఆయమ్మ చేత టీకా ఏయించుకుంటే గొర్రెలకు మత్తెక్కుతాదంట. నేనైతే ఏమనుకోను. మిగిలినోళ్లకు నువ్వే చెప్పుకో" అన్నాడు.

చెప్పుకోవడంలోనే ఆ పూట గడిచిపోయింది. మందు వేడెక్కింది. పారబోయవలసి వచ్చింది. ఇలా జరిగితే వానలు పోయేలోగా పని ముగియదని ఆమెకు అర్థమైంది. జిల్లా కార్యాలయానికి తిరిగి పోయింది.

"పొరపాటైంది సార్. గట్టిపడింది నా లివరు గాదు, బండిది."

అశ్వత్థనారాయణ నొచ్చుకున్నాడు. "అమ్మా, మండలి పొరపాటు చేయదు. సవరణ మాత్రమే చేయును." కాగితం తెప్పించుకుని, రోగి పేరు ఉన్న చోట 'చౌడేశ్వరి' అన్నది కొట్టివేసి, మోటారు సైకిలు రిజిస్ట్రేషను నంబరు వేసి, పొడి సంతకం చేశాడు. "ఇకమీదట తమరు రోగి కారు. సంతోషింపుడు."

"బండి మాత్రం రోగి ఎట్లయితాది సార్? ఈ కాగితమే చింపేస్తే పోతాది గదా. నూనె పోయడానికి అనుమతి ఇయ్యండి, చాలు."

"నమోదైన రోగమును రద్దుచేయు అధికారము నాకు లేదు. రోగిని మార్చు అధికారము మాత్రము కలదు. ఉన్న అధికారమును తమకు అనుకూలముగా వినియోగించితిని. ఇంకేమి చేయగలను?"

పక్క బల్ల దగ్గర ప్రయాణ భత్యం కోసం నిలబడి ఉన్న ఖాదర్ వలీ దగ్గు తెచ్చుకుని బయటికి పోయాడు.

మండలి సిబ్బందికి వైద్య సలహాదారు డాక్టర్ జనార్దన శెట్టి. పేరున్న వైద్యుడు, చమత్కారి. మండలి రోగులను పరీక్షించేటప్పుడు ఆయన చేయవలసినది ఒక్కటే: అచ్చువేసిన ప్రశ్నలకు సమాధానం చెప్పడం. కాలయాపన లేకుండా ఉండేందుకు సంతకం ముందే తీసుకుంటారు. ఆ రోజు ఆయన కార్యాలయం వరండాలోకి వచ్చి, స్టాండు వేసి ఉన్న రోగిని చూసి, కడుపుబ్బ నవ్వాడు. అశ్వత్థనారాయణ నవ్వలేదు. ప్రశ్నల పత్రం తెరిచి చదవసాగాడు.

"రోగికి మద్యపానపు అలవాటు కలదా?"

"లేకేమి సార్!" అన్నాడు డాక్టరు కళ్లు తుడుచుకుంటూ. "పొద్దున్నే తాగందే అడుగు కదలదు. అదీ మామూలు తాగుడు గాదు. ఈ కాలం పెట్రోల్లో ఇథనాలు కలుపుతాండారు గదా, అంటే సారాయే. ఊరూరా బంకు కనపడితే చాలు, ఆగుతాది."

అశ్వత్థనారాయణ పలుకుతూ రాశాడు: "ప్రాతఃకాలముననే సేవించును. సేవించనిదే కదలజాలదు. వ్యసనము తీవ్రము. నేత్రములు పచ్చబడినవా?"

"ముందర దీపం చూడండి. దుమ్ము పట్టి పసుపు ముద్దలాగా ఉంది."

"కామెర్ల లక్షణము కలదు. గురక?"

"స్టార్టు చేస్తే వీధి వీధంతా మేలుకుంటాది. సార్, నేను తమాషాకు అంటాండా. అట్లా రాసుకుంటా పోతే ఎట్ల?"

"డాక్టరు గారూ, సంతకమైన పిమ్మట తమాషా ఉండదు. స్పర్శించి చెప్పుడు. లివరు గట్టిగా ఉన్నదా, లేదా?"

డాక్టరు వంగి లివరును లాగాడు. మండలి తరఫున ఆ లివరును ముట్టుకుని చూసిన మొదటి మనిషి ఆయనే. "నిజంగానే గట్టిగా ఉంది" అన్నాడు. అది కూడా నమోదైంది.

పోయేముందు ఆయన చౌడేశ్వరిని పక్కకు పిలిచాడు. "ఏం చేయమంటావమ్మా? ఇది వైద్యం కేసు గాదని రాస్తే, మరి ఇంతసేపు ఎవరిని పరీక్ష చేసినావని నన్ను అడుగుతారు. నువ్వు పోయి నూనె పోసుకో. నేను చెప్పినానని మాత్రం చెప్పొద్దు."

చికిత్సా ఉత్తర్వులో మొదటి అంశం మద్యనిషేధం. పెట్రోలు టాంకును ఖాళీ చేయించి మూతకు సీలు వేశారు. రెండవది పథ్యం. "లివరు రోగికి నూనెలు, కొవ్వు పదార్థములు పూర్తిగా వర్జ్యములు. ఏ రూపమునను, ఏ ద్వారమునను రోగికి నూనె సోకరాదు." మూడవది విశ్రాంతి. అందుకోసం మీటింగు హాలులోని కుర్చీలను బయటికి గెంటించి, బండిని ఫ్యాను కింద నిలిపారు. నాలుగవది సహాయకులు. రోగి పక్కన దగ్గరి మనిషి ఎవరైనా ఉండాలి. బండిని ఎవరి పేర కేటాయించారో వారే దగ్గరి మనిషి అని తేలింది.

"నేనిక్కడ కూర్చుంటే టీకాలు ఎవరేస్తారు సార్?" అన్నది చౌడేశ్వరి. "వానలు పోతాండాయి. పల్లెలు సగం గూడ కాలేదు."

"టీకాలకు పోనిచో అది తమరి విధి వైఫల్యము. రోగిని విడిచిపోయినచో అది తమరి కర్తవ్య విస్మరణ."

"రెండూ తప్పేనా?"

"అవును. అయితే శిక్షలు వేరువేరు."

ఆమె హాలులో కూర్చున్నది. మండలి మర్యాదగల సంస్థ కనుక విభాగాలవారీగా పరామర్శలు మొదలైనాయి. గణాంక విభాగం బత్తాయిలు తెచ్చింది. దాణా విభాగం రొట్టె పొట్లం తెచ్చి హాండిలుకు తగిలించింది. వచ్చినవారు ముందు బండిని చూసి, తరువాత గొంతు తగ్గించి, "ఎట్లుండాది ఇప్పుడు?" అని ఆమెను అడిగేవారు. మొదట్లో కొందరు నవ్వు ఆపుకునేవారు. మండలి సంచాలకులవారు స్వయంగా వచ్చి బండి సీటు మీద చేయి వేసి ధైర్యం చెప్పిన తరువాత ఎవరికీ నవ్వు రాలేదు. ఆ వారంలోనే లివరు రక్షణ వారోత్సవాలు ప్రకటించారు. సిబ్బంది ఊరేగింపు తీశారు. మిగిలిన సహాయకుల బండ్లన్నింటికీ పెట్రోలు మితంగా పోయాలని సలహా వెళ్లింది. బంకు దగ్గర ఆగడానికి సిబ్బంది సిగ్గుపడసాగారు.

"నా పెండ్లాం కాన్పుకు రెండు దినాలు లీవు అడిగితే ఇయ్యలేదు" అన్నాడు ఖాదర్ వలీ, బత్తాయి ఒలుచుకుంటూ. "బండికి మాత్రం ఫ్యాను, పండ్లు, జీతంతో సెలవు. నేను గూడ సైలెన్సరు పెట్టుకుని పుట్టాల్సింది అక్కా."

"నువ్వు నవ్వుతాండావు. నా కొలువు పోతాది ఖాదరూ."

అతడు బత్తాయి తొనలు ఆమె చేతిలో పెట్టాడు.

మద్యనిషేధం, పథ్యం, విశ్రాంతి అన్నీ సక్రమంగా జరిగాయి. లివరు మరింత బిగుసుకుంది. వైద్య సమీక్షా సంఘం సమావేశమై, చికిత్స సరైనదేననీ రోగి సహకరించడం లేదనీ తీర్మానించింది. మిగిలిన మార్గం అవయవ మార్పిడి. దాత రక్తసంబంధీకుడై ఉండాలని నిబంధన. రోగితోపాటు ఒకే కర్మాగారంలో, ఒకే దినాన తయారైన బండి ఖాదర్ వలీదని లెక్కలో తేలింది.

అశ్వత్థనారాయణ హాలులోకి వచ్చి ఖాదర్ వలీకి ఆ మాట చెప్పాడు. "దాత పక్షమున తమరు సమ్మతి వ్రాసి ఇవ్వవలెను. ఇది మహత్తర త్యాగము."

"లివరు తీసేస్తే నా బండి ఎట్ల పోతాది సార్?" అన్నాడు ఖాదర్ వలీ.

"దాతకు కూడ విశ్రాంతి ఉండును. ఇదే హాలులో, ఈ పక్కన."

"ఎన్నాళ్లు?"

"వానకాలము ముగియువరకు. ఇద్దరు రోగులు, ఇద్దరు సహాయకులు."

"బతికుండే బండిని కోస్తారా సార్! దానికి పెండ్లాం పిల్లలు లేరనా?"

అశ్వత్థనారాయణ ఆ ప్రశ్నను గంభీరంగా ఆలోచించి, వాహనానికి వారసులు లేరని రాసుకుని వెళ్లాడు.

ఆ మధ్యాహ్నమే ఈరన్న వచ్చాడు. చెప్పులు బయట వదిలి, ఫ్యాను కింద ఉన్న బండినీ, పక్కన స్టూలు మీద ఉన్న చౌడేశ్వరినీ, హాండిలుకు వేలాడుతున్న రొట్టె పొట్లాన్నీ చూశాడు. అతడికి నవ్వు రాలేదు.

"యమ్మా, కొండకింది పల్లెకు నీలి నాలుక వచ్చింది. గొర్రెలు నోట నురగ కక్కుతాండాయి. మూతులు వాచి మేత మేయవు. అది మా ఊరి పక్కనే గదా. మా జీవాలకు సూది పడలేదు. గోడ మీది కాగితం చించేసినాం. ఆడోళ్లు గూడ రమ్మంటాండారు. నువ్వు రావాల."

"నేను తాగుతాననుకునేటోళ్లు?"

"తాగినా పర్వాలేదు, రమ్మంటాండారు."

చౌడేశ్వరి లేచింది. గత కొన్నాళ్లుగా ఆమె ప్రతి మాటకూ అనుమతి అడుగుతూ వచ్చింది. ఈసారి ఎవరినీ అడగలేదు. రోగి పండ్లకోసం పెట్టిన చాకు తీసి, క్లచ్చు వైరు కొసనున్న సీలును తెంపింది. ఖాదర్ వలీ తన భార్య కుట్టుమిషను నూనె డబ్బాను ఇంటినుంచి తెచ్చి చాలా రోజులైంది. అది అతని సంచిలోనే ఉంది. డబ్బా మూతి వైరు గొట్టంలో పెట్టి, ఆమె నాలుగు చుక్కలు వదిలి, లివరును లాగి వదిలి, లాగి వదిలి చేసింది. నల్లటి మడ్డి కిందికి కారింది. కాసేపటికి లివరు చప్పుడు లేకుండా వచ్చింది. ఆమె నాలుగు వేళ్లలో రెండింటిని తీసేసి లాగి చూసింది. వచ్చింది.

"ఆపరేషను అయిపాయె" అన్నాడు ఖాదర్ వలీ. తరువాత టాంకు సీలును కూడా ఊడబీకి, తన బండిలోని పెట్రోలును సీసాలో పట్టి తెచ్చి పోశాడు. "దాత రక్తం గూడ ఇచ్చినాడని రాసుకోమను."

వికలాంగులకోసం కట్టిన వాలుదారి మీదుగా బండి బయటికి దిగింది. అప్పుడు కార్యాలయంలో అధికారులెవరూ లేరు. అందరూ వారోత్సవాల ముగింపు భోజనంలో ఉన్నారు.

ఆఖరి వాన కురిసేలోగా చౌడేశ్వరి తన పల్లెలన్నింటినీ తిరిగింది. తెల్లవారుజాము చీకటిలోనే బయలుదేరి, మందు వేడెక్కకముందే చేరేది. గొర్రెలను పట్టుకోవడానికి ఈరన్న ముందు వెళ్లి ఊరివారిని పోగుచేసేవాడు. ఆమె మణికట్టు వాపు తీసింది. రోగం కొండకింది పల్లెతో ఆగిపోయింది.

వానలు వెనకపట్టాక ఆమె మీద విచారణ ఆ హాలులోనే జరిగింది. బండిని సాక్ష్యంగా నిలిపారు. అశ్వత్థనారాయణ లివరును స్వయంగా లాగి చూశాడు. "మృదువుగా ఉన్నది. రోగి స్వస్థత పొందెను. ఇది మండలి చికిత్సకు దక్కిన విజయము."

"నూనె పోసినందుకు బాగైంది సార్" అన్నది చౌడేశ్వరి.

"నూనె లివరు రోగికి విషము. విషము సేవించియు రోగి కోలుకొనెననగా మన చికిత్స ఎంత బలమైనదో ఊహింపుడు." ఆయన అభియోగాలు చదివాడు. రోగికి నూనె పట్టించుట. మానిన మద్యమును మరల అలవాటు చేయుట. సీళ్లు భేదించుట. రోగిని విడిచిపోవుట.

"విడిచి యాడ పోయినా సార్? రోగి మీదనే గదా పోయింది."

"అది అదనపు అభియోగము. రోగిపై స్వారీ."

చౌడేశ్వరి అసలు మాట అడిగింది. "సరే సార్. నేను టీకాలన్నీ వేసినా. నేను సూది వేసిన గొర్రె ఒక్కటి గూడ పోలేదు. ఉద్యోగం ఖాయం చేయడానికి మీరు పెట్టిన షరతు అదే గదా?"

"ముందే పూరించిన హాజరు పట్టీ ప్రకారము ఆ దినములలో తమరు ఈ హాలునందు రోగి పక్కన ఉన్నారు. ఇక్కడ ఉన్నవారు పల్లెలలో టీకాలు వేయజాలరు. కావున ఆ టీకాలు పడలేదు."

"ఇక్కడ ఉంటే, రోగిని విడిచిపోయినానని నేరం ఎట్ల మోపుతారు?"

"అది వేరొక విభాగము చూచును."

"మరి ఆ గొర్రెలు, సార్? సూదులు పడినాయి గదా వాటికి."

"టీకాలు పడని గొర్రెలుగా పరిగణింపబడినవి. వాటికి రోగము రాకుండుటకు కారణము వాటి సహజ ఆరోగ్యము."

విచారణ ఫలితాన్ని ఆ సాయంత్రమే ప్రకటించారు. మోటారు సైకిలుకు స్వస్థత ధ్రువపత్రం ఇచ్చి విధుల్లో చేర్చుకున్నారు. చికిత్స చేసినందుకు డాక్టర్ జనార్దన శెట్టికీ, పర్యవేక్షించినందుకు అశ్వత్థనారాయణకూ శాలువాలు కప్పారు. పెట్రోలు ఇచ్చినందుకు ఖాదర్ వలీని కర్ణాటక సరిహద్దు మండలానికి బదిలీ చేశారు. చౌడేశ్వరి పరీక్షాకాలంలో విఫలమైనట్లు నిర్ణయించి ఉద్యోగం నుంచి తొలగించారు. బండి మండలి ఆవరణలో రేకుల షెడ్డు కింద ఉంది. క్లచ్చు లివరు రెండు వేళ్లతో వస్తుంది. దానిని నడిపే సహాయకుల పోస్టు ఖాళీగా ఉంది.